సీటీసీలో మొదటి కంప్యూటర్ కొంటున్నారా? ముందు కొటేషన్ చీటీ చదవడం నేర్చుకోండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ అది సీటీసీ. ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. బండి తీసుకెళ్తే పార్కింగు కోసం తిరగాల్సిందే. ఒకే బిల్డింగులో పై అంతస్తుల దాకా కంప్యూటర్ షాపులే: కొత్త సామాను, సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు, టోనర్ రీఫిల్లింగు, సీసీ కెమెరాలు, చిప్ లెవెల్ రిపేర్లు. ఈ రివ్యూ ఏ ఒక్క షాపు గురించో కాదు, మార్కెట్ మొత్తం గురించి. చూసేది కూడా ఒకే కోణంలో. కంప్యూటర్ మాటలు ఇప్పుడిప్పుడే వింటున్నవాళ్లకు, అంటే రిటైరైన నాన్నకో, డిగ్రీలో చేరిన అమ్మాయికో, కొట్లో బిల్లింగ్ పెట్టుకుందామనుకునే వ్యాపారికో ఇక్కడ కొనడం గిట్టుబాటు అవుతుందా?

చీటీ మీద రాసింది అర్థమైతే హైదరాబాద్‌లో ఇంతకన్నా మంచి చోటు లేదు. అర్థం కాకపోతే నాలుగు డబ్బులు ఎక్కువైనా షోరూముకు పోవడమే నయం.

ఇక్కడ కొనడం ఎలా ఉంటుందంటే, కౌంటర్ దగ్గర "ఇంట్లోకి ఒక సిస్టమ్ కావాలన్నా" అనగానే షాపతను చిన్న ప్యాడ్ మీద గబగబా ఏడెనిమిది లైన్లు రాసి, కింద టోటల్ వేసి, చింపి చేతిలో పెడతాడు. అదే కొటేషన్. పక్క షాపులో అడిగితే ఇంకో చీటీ. కొత్తవాళ్లు రెండు చీటీల కిందున్న టోటళ్లు పోల్చుకుని ఎక్కడ తక్కువుంటే అక్కడ కొనేస్తారు. డబ్బులు పోయేది అక్కడే. పోల్చాల్సింది పైనున్న లైన్లను.

తక్కువ రేటు చీటీ ఒకటి చూద్దాం:

ఐ5 ప్రాసెసర్
హెచ్61 బోర్డు
ర్యామ్ 8 జీబీ
ఎస్‌ఎస్‌డీ 256
క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్
19 ఎల్‌ఈడీ
కీబోర్డు, మౌస్
విండోస్, ఆఫీస్ ఫ్రీ

చూడ్డానికి అన్నీ ఉన్నట్టే ఉంది. నిజానికి ఇందులో ఒక్క లైన్ కూడా పూర్తిగా రాసింది కాదు.

ఐ5 సరే, ఏ ఐ5?

ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్పు. దాని అసలు పేరు సీపీయూ. మన దగ్గర మొత్తం డబ్బానే సీపీయూ అనేస్తారు, షాపువాళ్లు కూడా అలాగే అర్థం చేసుకుంటారు కాబట్టి ఇబ్బందేం లేదు. ఇబ్బందల్లా ఐ5 దగ్గరే. ఇంటెల్ ఈ ఐ3, ఐ5, ఐ7 పేర్లను పదిహేనేళ్లకు పైగా వాడుతూ వస్తోంది. 2012లో వచ్చిన ఐ5-3470 కూడా ఐ5నే, 2022లో వచ్చిన ఐ5-12400 కూడా ఐ5నే. ఏ కాలానిదో గీత తర్వాత వచ్చే నంబరు చెబుతుంది. మామూలుగా మొదటి అంకె తరాన్ని సూచిస్తుంది. 3470 మూడో తరం, 8250 ఎనిమిదో తరం. నంబరు 1తో మొదలైతే మాత్రం మొదటి రెండంకెలు కలిపి చదవాలి. 12400 పన్నెండో తరం. ల్యాప్‌టాప్‌లలో కనిపించే 1135జీ7 పదకొండో తరం. 2023 చివర్లో మొదలైన కోర్ అల్ట్రా పేర్లకు ఈ లెక్క పనిచేయదు. కాకపోతే ఈ చీటీ రేటులో అవి ఎటూ రావు.

రెండో లైన్ చూస్తే మొదటి లైన్ గుట్టు బయటపడుతుంది. బోర్డు అంటే మదర్‌బోర్డు, మిగతా భాగాలన్నీ తగిలించుకునే పెద్ద పలక. హెచ్61 దాని మీదున్న చిప్‌సెట్ పేరు, అంటే ఆ బోర్డుకు ఏ ప్రాసెసర్లు పడతాయో తేల్చే చిప్పు. అది 2011 నాటిది, రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లను మాత్రమే తీసుకుంటుంది. కాబట్టి షాపతను నోరు విప్పకపోయినా ఆ ఐ5 ఏ కాలానిదో తెలిసిపోయింది. హెచ్610 అనే ఇంకో బోర్డు ఉంది, 2022లో వచ్చింది, పన్నెండు నుంచి పద్నాలుగో తరం దాకా తీసుకుంటుంది. చీటీ మీద రెండింటికీ తేడా ఒక్క సున్నా. బయట మాత్రం పదేళ్ల పైమాట. ఈ మధ్యలోవి కూడా సెకండ్‌హ్యాండ్‌లో తగులుతుంటాయి: హెచ్81 అంటే నాలుగో తరం, హెచ్110 అయితే ఆరు, ఏడు, హెచ్310 అయితే ఎనిమిది, తొమ్మిది, హెచ్510 అయితే పది, పదకొండు.

"బోర్డు కొత్తదే సార్, సీల్ చూడండి" అంటారు. అది అబద్ధం కాదు. పాత చిప్‌సెట్‌తో చిన్న చిన్న బ్రాండ్లు ఇప్పటికీ కొత్త బోర్డులు తెస్తున్నాయి. దాంట్లో కూర్చోబెట్టే ప్రాసెసర్ మాత్రం ఏదో ఆఫీసులో పదేళ్లు పనిచేసి పాత సామాన్లలోకి వచ్చింది. ఇంటెల్ దాన్ని తయారు చేయడం ఎప్పుడో మానేసింది. ఇలాంటి సిస్టమ్ టైపింగుకు, బిల్లింగుకు, యూట్యూబ్‌కు నడుస్తుంది, నడవదని కాదు. కానీ విండోస్ 11కు అధికారికంగా కనీసం ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి. ఇందులో రెండూ లేవు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే మామూలుగా సెక్యూరిటీ అప్‌డేట్లు రాని కంప్యూటర్ కొన్న రోజే ఇంటికి వస్తుందన్నమాట. మూడో తరమని చెప్పి, మూడో తరం రేటుకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. "ఐ5 సార్, ఐ3 కన్నా ఎక్కువ" అని అమ్మడమే తప్పు. హెచ్610 బోర్డు మీద ఐ3-12100 పెట్టించుకుంటే ఆ పాత ఐ5ను అది ఎక్కడికో దాటిపోతుంది. కోర్లు అంటే చిప్పులో పనిచేసే భాగాలు, థ్రెడ్లు అంటే అవి ఒకేసారి నడపగల పనులు. పాత ఐ5-3470కి 4 కోర్లు, 4 థ్రెడ్లు. కొత్త ఐ3కి 4 కోర్లు, 8 థ్రెడ్లు. బేస్ స్పీడు, అంటే సెకనుకు ఎన్ని సైకిళ్లు తిరుగుతుందన్నది చూస్తే 3.2 గిగాహెర్ట్జ్, 3.3 గిగాహెర్ట్జ్, దాదాపు సమానం. అయినా ఒక్కో సైకిల్‌లో కొత్త చిప్పు చేసే పని చాలా ఎక్కువ. అందుకే గిగాహెర్ట్జ్ ఒక్కటే చూసి బేరమాడొద్దు.

నంబరు చివరి అక్షరం కూడా చదవాలి. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే, ఉదాహరణకు 12400ఎఫ్, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనకపోతే తెర మీద బొమ్మే రాదు. ఎఫ్ రకం కొంచెం చవక కాబట్టి రేటు తగ్గించమని గట్టిగా అడిగినప్పుడు చీటీలోకి ఆ అక్షరం వచ్చి చేరుతుంది. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీలో లెక్క వేరు: రైజెన్ 5 5600జీలో గ్రాఫిక్స్ ఉంటుంది, 5600లో ఉండదు. ల్యాప్‌టాప్‌లలో యూ అంటే కరెంటు తక్కువ తాగే రకం, హెచ్ అంటే ఎక్కువ పనిచేసి ఎక్కువ వేడెక్కే రకం.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ: రెండూ జీబీలే

కొత్తవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ తికమక ఇక్కడే, ఎందుకంటే రెండింటినీ జీబీల్లోనే కొలుస్తారు, రెండింటినీ మెమరీ అనే అంటారు. వర్డ్‌లో ఉత్తరం టైపు చేస్తుండగా కరెంటు పోయిందనుకోండి. సేవ్ చేయని భాగం ర్యామ్‌లో ఉంది, పోతుంది. సేవ్ చేసింది ఎస్‌ఎస్‌డీలో ఉంది, ఉంటుంది. ర్యామ్ తక్కువైతే నాలుగు ట్యాబ్‌లు తెరవగానే కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. ఎస్‌ఎస్‌డీ తక్కువైతే ఫొటోలు, వీడియోలు పట్టవు. ఫైళ్లకు చోటు చాలడం లేదని వచ్చినవాళ్లకు ర్యామ్ అమ్మి పంపిన సందర్భాలు మార్కెట్‌లో కొత్తేం కాదు.

"ర్యామ్ 8 జీబీ" అన్న లైన్‌కు మూడు ప్రశ్నలు వేయాలి. డీడీఆర్ ఎంత, అంటే ర్యామ్‌లో ఏ తరం? కంపెనీ ఏది? ఒక స్టిక్కా, రెండా? హెచ్61 బోర్డులో పట్టేది డీడీఆర్3. కొత్త బోర్డుకు మారితే అది పనికిరాదు, గాడి వేరే చోట ఉంటుంది, అసలు దిగదు. హెచ్610 బోర్డులు డీడీఆర్4తో కొన్ని, డీడీఆర్5తో కొన్ని వస్తాయి. ఏది రాశారో బోర్డు పూర్తి మోడల్ పేరులో చూసుకోవాలి. రెండు స్లాట్లే ఉన్న బోర్డులో 4 జీబీ స్టిక్కులు రెండు పెడితే రేపు పెంచుకోవాలంటే ఒకటి తీసి పక్కన పడేయాలి. ఒకే 8 జీబీ స్టిక్ పెట్టించుకుని రెండో స్లాట్ ఖాళీగా ఉంచుకోవడం మేలు. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు బాగా పైకి పోయాయి, చిప్పులు ఎక్కువగా ఏఐ డేటా సెంటర్లకు పోతున్నాయి కాబట్టి. నిన్నటి చీటీ రేటు ఈరోజు ఇవ్వం అంటే అది షాపతని మాయ కాకపోవచ్చు.

ఎస్‌ఎస్‌డీ లైన్‌లో 256 అని మాత్రమే ఉంటే కుదరదు. ఎస్‌ఎస్‌డీల్లో సాటా అనే పాత రకం, ఎన్‌వీఎంఈ అనే వేగం రకం ఉన్నాయి. సాటా అయితే సెకనుకు ఎక్కువలో ఎక్కువ 550 ఎంబీ దాకా చదువుతుంది, ఎన్‌వీఎంఈలో మామూలుదే 2,000 నుంచి 3,500 ఎంబీ. "ఎం.2 సార్" అనే జవాబు ఇంకా మోసం. ఎం.2 అన్నది ఆకారం పేరు, ఆ ఆకారంలో సాటా కూడా వస్తుంది, ఎన్‌వీఎంఈ కూడా వస్తుంది. బాక్సు మీద రాసి ఉంటుంది, చదవండి. పాత హెచ్61 చిప్‌సెట్‌లో సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి మంచి సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టినా దాదాపు సగం వేగమే వస్తుంది. ఇంటికి వెళ్లాక 256కు బదులు 238 జీబీ అని కనిపిస్తే షాపుకు పరిగెత్తకండి. కంపెనీ జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ లెక్కించే జీబీ అంటే 1024ను మూడుసార్లు గుణించుకుంటే వచ్చే అంకె, అంటే 107 కోట్ల పైచిలుకు. అదే లెక్కన 512కు 476, 1 టీబీకి 931 కనిపిస్తాయి.

షాపులోనే చూసుకోవాల్సినవి రెండున్నాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్‌లోకి వెళ్తే ప్రాసెసర్ పూర్తి నంబరు, ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు వాడారు, డిస్కు మోడల్ ఏమిటి అన్నీ కనిపిస్తాయి. చీటీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసుకోండి. రెండోది క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం. ఇంటి నుంచే పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోవచ్చు. అది ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో, ఆరోగ్యం ఎంత శాతమో చెబుతుంది. కొత్తదని అమ్మిన ఎస్‌ఎస్‌డీ వేల గంటలు చూపిస్తే ఇక మాట్లాడ్డానికేం లేదు. బాగున్న షాపులు ఇలా చెక్ చేస్తామంటే ఏమీ అనుకోవు, ఒక్కోసారి వాళ్లే చూపిస్తారు. విసుక్కున్న షాపుకు దండం పెట్టి పక్కకు వెళ్లండి. సీటీసీలో ఉన్న సుఖమే అది, పక్క షాపు పది అడుగుల దూరంలోనే ఉంటుంది.

మిగతా లైన్లు

ఎస్‌ఎంపీఎస్ అంటే గోడ కరెంటును కంప్యూటర్‌కు కావాల్సిన చిన్న వోల్టేజీలుగా మార్చే డబ్బా. చవక క్యాబినెట్‌తో వచ్చే దాని మీద 450 వాట్లని ఉన్నా నమ్మక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు లేని ఇంటి సిస్టమ్‌కు అంత కరెంటు అక్కర్లేదు కాబట్టి నడిచిపోతుంది. వోల్టేజీ ఎగిరినప్పుడు మాత్రం చవక ఎస్‌ఎంపీఎస్ తాను పోతూ బోర్డును కూడా తీసుకుపోతుంది. 80 ప్లస్ ముద్ర, అంటే కరెంటు తక్కువ వృథా చేస్తుందని పరీక్షించి ఇచ్చే గుర్తు ఉన్నది విడిగా కొనండి. క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే తప్పు సాధారణంగా కంప్యూటర్‌ది కాదు, ఇంట్లో సాకెట్‌కు ఎర్తింగ్ లేదని అర్థం.

యూపీఎస్ కొంటే వీఏ, వాట్లు రెండూ అడగండి. 600 వీఏ అని రాసినది మామూలుగా ఇచ్చేది 360 వాట్లే. చిన్న సిస్టమ్‌ను పది, పదిహేను నిమిషాలు నిలబెడుతుంది, ఫైలు సేవ్ చేసి ఆపుకోవడానికి. లేజర్ ప్రింటర్‌ను దానికి తగిలించొద్దు. వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకు యూపీఎస్ కుయ్‌కుయ్ మని ఆగిపోతుంది.

మానిటర్‌కు అంగుళాల కన్నా రిజల్యూషన్ ముఖ్యం. 19 అంగుళాల చవక తెరలు 1366 బై 768 చుక్కలతో వస్తాయి. 22 అంగుళాల్లో 1920 బై 1080 తీసుకుంటే ఎక్సెల్ షీటు సగం తెగిపోకుండా కనిపిస్తుంది. ఐపీఎస్ ప్యానెల్ అయితే పక్కనుంచి చూసినా రంగు మారదు.

"ఫ్రీ" అన్న లైన్

విండోస్, ఆఫీస్ అమ్ముడయ్యే సరుకులు. చీటీలో ఫ్రీ అని ఉందంటే అవి దొంగ కాపీలని అర్థం. వీటిని యాక్టివేట్ చేయడానికి వాడే చిన్న ప్రోగ్రాం పనిచేయాలంటే చాలాసార్లు ముందు విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపేయాలి. షాపు కుర్రాడు ఆపుతాడు, మళ్లీ ఆన్ చేయడు. ఆ ప్రోగ్రాంలోనే వైరస్ ఉంటే ఇక ఆపేదెవరు? లైసెన్సు కొనే డబ్బు లేకపోతే దొంగ కాపీ తప్ప దారి లేదనుకోకండి. లినక్స్ మింట్, ఉబుంటు ఉచితం, లిబ్రెఆఫీస్ ఉచితం. బ్రౌజర్‌లోనే నడిచే వర్డ్, ఎక్సెల్ కూడా మైక్రోసాఫ్ట్ అకౌంటు ఉంటే ఉచితంగానే దొరుకుతాయి. అసలుదో కాదో తెలుసుకోవాలంటే సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్ లోకి వెళ్లి చూడొచ్చు. కాకపోతే క్రాక్ చేసినది కూడా అక్కడ యాక్టివ్ అనే చూపించవచ్చు. బిల్లులో విండోస్ పేరుతో విడి లైన్ ఉందా అన్నదే గట్టి సాక్ష్యం.

"తెలుగు సాఫ్ట్‌వేర్ వేస్తాం, ఎక్స్‌ట్రా అవుతుంది" అంటే వద్దనండి. తెలుగు టైపింగ్ విండోస్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కు వెళ్లి తెలుగు జోడించి, ఫొనెటిక్ కీబోర్డు ఎంచుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టినా తెలుగు వస్తుంది. విండోస్ గుర్తు, స్పేస్ బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది. డీటీపీ సెంటర్లలో కనిపించే అను ఫాంట్లు వేరే సంగతి. అవి యూనికోడ్ కావు, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల పద్ధతిలో ఉండవు. వాటితో టైపు చేసింది వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు వేసేవాళ్లకు తప్ప ఇంటికి అక్కర్లేదు.

కొత్త సిస్టమ్ అయితే ఇంకో పెద్ద చిక్కుంది, దీని గురించి కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. విండోస్ 11 మొదటిసారి తెరిచినప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంటు అడుగుతుంది. పని తొందరగా అవ్వాలని షాపు కుర్రాడు తన మెయిల్‌తో లాగిన్ చేసేస్తాడు. కొత్త విండోస్ 11 చాలా కంప్యూటర్లలో డిస్కు మొత్తాన్ని తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే తాళం వేసేస్తుంది. ఆ తాళం తీసే 48 అంకెల రికవరీ కీ, లాగిన్ చేసిన మెయిల్ అకౌంటులో దాచుకుంటుంది. ఏడాది తర్వాత బోర్డు మార్చినా, బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే బోర్డులోని ప్రోగ్రాం) అప్‌డేట్ చేసినా తెర నీలంగా మారి ఆ కీ అడిగితే? కుర్రాడు ఆ షాపులో ఉండడు. ఫొటోలన్నీ లోపలే ఉంటాయి, తెరుచుకోవు. కాబట్టి మీ మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ మీరే కొట్టండి. పాస్‌వర్డ్‌ను చీటీ మీద రాసివ్వకండి.

అకౌంటు పెట్టాక మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ అనే ప్రోగ్రాం డెస్క్‌టాప్‌ను, డాక్యుమెంట్లను క్లౌడ్‌కు పంపడం మొదలుపెడుతుంది. క్లౌడ్ అంటే ఇంటర్నెట్ అవతల ఆ కంపెనీ కంప్యూటర్లలో మీకిచ్చిన చోటు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. గూగుల్ 15 జీబీ ఇస్తుంది గానీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ అందులోనే సర్దుకోవాలి. నిండిపోగానే "స్టోరేజ్ ఫుల్" అని వచ్చే హెచ్చరిక మీ ఎస్‌ఎస్‌డీ గురించి కాదు, దాని కోసం కొత్త హార్డ్‌డిస్క్ కొనక్కర్లేదు.

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు

సీటీసీకి ఎక్కువమందిని లాక్కొచ్చేవి ఇవే. పెద్ద కంపెనీలు మూణ్నాలుగేళ్లు వాడి తీసేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు, గట్టి సామాను. ఎనిమిదో తరం, ఆపైన అయితే డిగ్రీ పిల్లలకు షోరూములో అదే రేటుకు వచ్చే సెలెరాన్ (ఇంటెల్ చవక రకం ప్రాసెసర్) కొత్త ల్యాప్‌టాప్ కన్నా ఇదే మంచిది. ఈ మాట గట్టిగానే చెప్పొచ్చు. కాకపోతే బ్యాటరీ. ఆదేశాలు టైపు చేసే నల్ల తెర, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్‌లో పవర్, సీఎఫ్‌జీ రెండు మాటలూ కలిపి రాసి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టమనండి. ఒక రిపోర్టు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో 60 శాతం కన్నా తక్కువుంటే బ్యాటరీ ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి.

ఇంకొకటి. కంపెనీ ఇంటర్నెట్ ద్వారా తన అదుపులో ఉంచుకునే ల్యాప్‌టాప్‌ల జాబితాలోంచి తీసేయకుండా అమ్మేసినది ఉంటుంది. షాపులో ఇంటర్నెట్ లేకుండా సెటప్ చేస్తారు కాబట్టి బాగానే కనిపిస్తుంది. ఇంట్లో రీసెట్ చేసి వైఫై తగిలించగానే ఏదో కంపెనీ పేరు వచ్చి ఆఫీసు మెయిల్‌తో లాగిన్ అవమంటుంది. అందుకే సెటప్ మొదటి తెర నుంచి మీ ఫోన్ హాట్‌స్పాట్ తగిలించి చేయించండి. బయోస్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ అడగడం లేదని చూసుకోండి, అక్కడ కనిపించే సీరియల్ నంబరు, అడుగున స్టిక్కర్ మీదున్నది ఒకటేనా కూడా చూడండి. ఇవన్నీ చూసేసరికి గంట పడుతుంది. సాయంత్రం రద్దీలో ఆ గంట ఎవరూ ఇవ్వరు, షాపులు తెరిచిన వేళకు వెళ్తే ఓపిగ్గా చూపిస్తారు.

రౌటర్, ఇంటర్నెట్ మాటలు

డెస్క్‌టాప్ బోర్డుల్లో చాలావాటికి వైఫై ఉండదు. చీటీలో లేకపోతే ఇంటికి వెళ్లాక ఇంటర్నెట్ రాదు, కేబుల్ లాగాలి, లేదా యూఎస్‌బీ డాంగిల్ కొనాలి. డాంగిల్ కొంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ పట్టేది తీసుకోండి. 2.4 గోడలు దాటి దూరం పోతుంది కానీ అపార్ట్‌మెంటులో అందరి వైఫైలూ దాని మీదే ఉండి ఇరుకైపోతుంది. 5 వేగంగా ఉంటుంది, రెండు గోడలకే నీరసపడుతుంది.

రౌటర్ల షాపులో "ఏసీ1200" అని రాసినది చూపించి 1,200 స్పీడు అంటారు. అది రెండు బ్యాండ్లనూ కలిపిన అంకె, 300కు 867 కలిపి గుండ్రం చేసింది. అసలు చూడాల్సింది వెనక వ్యాన్ పోర్టు, అంటే బయటి ఇంటర్నెట్ వైరు దిగే చోటు. 10/100 అని ఉంటే మీ ప్లాన్ 200 అయినా 300 అయినా వచ్చేది 100 లోపే. గిగాబిట్ అని రాసి ఉండాలి. టెలిఫోన్ వైరు దూర్చే ఏడీఎస్‌ఎల్ రౌటర్లు పాత స్టాకులో ఇంకా కనిపిస్తాయి, ఫైబర్ కనెక్షన్‌కు అవి పనికిరావు. ఫైబర్ వైరు దిగేది ఓఎన్‌టీ అనే డబ్బాలోకి, దాన్ని ఇంటర్నెట్ కంపెనీవాళ్లే ఇస్తారు. దాని మీద లాస్ అనే లైటు ఎర్రగా వెలిగితే వైరు తెగిందో వంగిందో అన్నమాట. కొత్త రౌటర్ కొన్నా బాగవదు, కంపెనీకి ఫోన్ చేయాల్సిందే.

ప్లాన్‌లోని ఎంబీపీఎస్ మెగాబిట్లు, డౌన్‌లోడ్ దగ్గర కనిపించేవి మెగాబైట్లు. 8తో భాగించాలి. 100 ప్లాన్‌కు సెకనుకు 12.5 ఎంబీ వస్తే పూర్తి వేగం వచ్చినట్టే.

సిస్టమ్ ఇచ్చేటప్పుడు చాలా షాపులు క్రోమ్ తెరిచి "ఇదిగో సార్ ఇంటర్నెట్" అని చూపిస్తాయి. క్రోమ్ బ్రౌజర్, వెబ్‌సైట్లు చూపించే ప్రోగ్రాం. గూగుల్ ఆ వెబ్‌సైట్లను వెతికిపెట్టేది. ఈ తేడాతో పనేమిటంటే, బ్యాంకు పేరును గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనలు కూడా వస్తాయి, వాటిలో నకిలీవి దూరుతుంటాయి. చిరునామా తెలిసినప్పుడు పైనున్న అడ్రస్ బార్‌లో అదే కొట్టండి. ప్రభుత్వ సైటు అయితే, మొదట్లో హెచ్‌టీటీపీఎస్ పక్కనుండే రెండు స్లాష్‌లు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి స్లాష్‌కు ముందు చివరి భాగం డాట్ జీఓవీ డాట్ ఐఎన్ అని ఉందా చూడండి. తాళం గుర్తు ఉంటే మంచి సైటు అన్న నమ్మకం వదిలేయండి. మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం, అవతల ఉన్నది దొంగ కాదని కాదు. క్రోమ్ 2023లో ఆ తాళం బొమ్మనే తీసేసింది. ఉద్యోగ దరఖాస్తుల్లో "ఫొటో 50 కేబీ లోపు" అంటే ఫోన్‌లో తీసిన 3 ఎంబీ ఫొటో ఎక్కదు. అది అరవై రెట్లు పెద్దది. పెయింట్‌లో తెరిచి రీసైజ్ నొక్కి, వెడల్పు 300 పిక్సెళ్లకు తగ్గించి జేపెగ్‌గా సేవ్ చేస్తే సాధారణంగా సరిపోతుంది.

సపోర్టు కోసమని కొందరు ఎనీడెస్క్ పెట్టి ఇస్తారు. షాపులో కూర్చునే మీ తెర చూసి సరిచేస్తారు, ఉపయోగమే. అదే ప్రోగ్రాంను మోసగాళ్లు కూడా వాడతారు. మీరు ఫోన్ చేయకుండా ఎవరో ఫోన్ చేసి అందులోని నంబరు అడిగితే చెప్పొద్దు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

బిల్లు, ఆ తర్వాత

"బిల్లు కావాలంటే జీఎస్టీ 18 శాతం ఎక్స్‌ట్రా అన్నా" అనే మాట వినగానే చాలామంది బిల్లు వదిలేస్తారు. కొత్త ప్రాసెసర్, బోర్డు, ఎస్‌ఎస్‌డీలకు కంపెనీ వారంటీ మామూలుగా మూడేళ్లు. సర్వీస్ సెంటర్‌లో ముందు అడిగేది బిల్లు. బిల్లులో ప్రతి వస్తువు పూర్తి మోడల్ పేరు, సీరియల్ నంబరు ఉండాలి. "కంప్యూటర్ సెట్, 1" అని ఒకే లైన్ కొట్టిన బిల్లుతో ఎస్‌ఎస్‌డీ వారంటీ అడగడం కష్టం. ప్రాసెసర్‌కు బాక్సు ఉందా, ట్రే పీసా అన్నది కూడా రాయించుకోండి. ట్రే అంటే బాక్సు, ఫ్యాను లేకుండా విడిగా వచ్చేది, దానికి వారంటీ లెక్క వేరు. షాపు గ్యారంటీ నెలో మూణ్నెల్లో ఉంటుంది, అది షాపు ముద్రతో కాగితం మీద ఉంటేనే లెక్క. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, అక్కడా బిల్లు నంబరే అడుగుతారు.

రిపేర్ల విషయంలో మాత్రం సీటీసీకి పూర్తి మార్కులు వేయొచ్చు. సర్వీస్ సెంటర్ బోర్డు మొత్తం మార్చాలన్న ల్యాప్‌టాప్‌ను ఇక్కడ ఒక్క చిన్న చిప్పు మార్చి బాగుచేసేవాళ్లున్నారు. ఇచ్చే ముందు పని ఏమిటో, ఎంతవుతుందో, బాగవకపోతే చెకింగ్ ఛార్జీ ఎంతో జాబ్ కార్డు మీద రాయించుకోండి. ర్యామ్ సైజు, ఎస్‌ఎస్‌డీ సీరియల్ నంబరు ఫొటో తీసి పెట్టుకోండి. వీలైతే ఎస్‌ఎస్‌డీ విప్పించి ఇంటికి తెచ్చుకోండి. బోర్డు రిపేరు చేసేవాళ్ల దగ్గర టెస్టింగ్‌కు సొంత డిస్కులు ఉంటాయి, మీ ఫొటోలు, బ్యాంకు కాగితాలు ఉన్న డిస్కు వాళ్లకు అక్కర్లేదు.